ఏడు గడియల మంత్రిత్వం

మల్కాజిగిరి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం నా ముందున్నది. దస్తూరి ముత్యాలకోవలా వున్నది. ఈ రోజుల్లో చేత్తో ఉత్తరం వ్రాసేవారే అరుదు గనుక ముందు దానికే ముచ్చటపడ్డాను. ఆమె ఒక హైస్కూలు ఆఫీసులో పనిచేస్తున్నారట. తన పేరు గాని, స్కూలు పేరు గాని వెయ్యవద్దని కోరారు. వెయ్యను.

సంగతి యిది. వాళ్ల స్కూల్లో కంప్యూటర్లు చూసే అబ్బాయి పెళ్లి నిశ్చయమై పదిహేను రోజులు సెలవు పెట్టాడు. అవి కొత్త పిల్లలు చేరే రోజులు. ఒక్కొక్కరికీ స్కూలు నెట్‌వర్కులో ఖాతా తెరవాలి. పాస్‌వర్డు మరిచిపోయిన టీచర్లకు కొత్తది యివ్వాలి. టి.సి. తీసుకొని వెళ్లిపోయిన వాళ్ల ఖాతాలు మూయాలి. హెడ్మిస్ట్రెసుగారు యీమెను పిలిచి, "నువ్వు నెమ్మదస్తురాలివి, ఈ పదిహేను రోజులూ అడ్మినువి నువ్వే" అన్నారట. ఆ అబ్బాయి వెళ్తూ వెళ్తూ ఒక చీటీ చేతిలో పెట్టి, "గిదే పాస్‌వర్డు అక్కా, ఎవరికీ చెప్పకు" అని బస్సెక్కాడట.

"అన్నయ్యగారూ, నాకు భయంగా వున్నది" అని వ్రాశారామె. "ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెలియదు. పైగా మా హెడ్‌క్లర్కుగారు తమ ఖాతాకు కూడా కొంచెం హక్కులు తగిలించమంటున్నారు. నాలుగు రోజులకేగదమ్మా అంటారు. పెద్దవారు, కాదనలేకుండా వున్నాను. ఏం చెయ్యమంటారు?"

తెలుగు మాష్టరు నడిగే ప్రశ్నేనా యిది అని కొందరు నవ్వవచ్చు. తిక్కన్నను, పోతన్నను చెప్పుకొని జీతం తీసుకునేవాణ్ణి, నిజమే. కాని ఈ విషయంలో నాకు చేయి కాలిన అనుభవం వున్నది. కాలిన చేతికి బర్నాలు ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది గదా!

నాలుగేళ్ల క్రిందటి మాట. మా కాలేజీలో కంప్యూటరు గది చూసే కుర్రవాడు తండ్రికి కంటి ఆపరేషనని నెల రోజులు ఊరికి వెళ్లాడు. స్టాఫు రూములో నలుగురం కూర్చున్నాం. ఎవరు చూస్తారీ పని అంటే అందరూ కిటికీలోంచి చెట్టు వంక చూశారు. ఆ క్షణంలో నేను చెట్టు వంక చూడకపోవడమే నేను చేసిన నేరం. మరునాటి నుంచి కాలేజీ నెట్‌వర్కు అంతటికీ అడ్మినును నేనే.

అడ్మిను అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం ఒక మాట. కాలేజీ నెట్‌వర్కు ఒక పెద్ద సత్రం వంటిది. విద్యార్థికో గది, ఉపాధ్యాయునికో గది. ఎవరి గది తాళపుచెవి వారిదగ్గర వుంటుంది. ఆ చెవులు తయారు చేసేవాడు, పోతే మార్చేవాడు, గది ఖాళీ చేయించేవాడు అడ్మిను. అంటే అన్ని గదులకూ పనికివచ్చే చెవి ఒకటి అతని మొలతాడుకు వేలాడుతుంటుంది.

అసత్యమెందుకు, నాకు గర్వం కలిగింది. ఇరవై ఏళ్లు పాఠం చెప్పినా రాని గౌరవం ఆ చీటీతో వచ్చింది. పాస్‌వర్డు పోయిన ఫిజిక్సు లెక్చరరు నా బల్ల ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు! నేను చేసిన పనేమిటంటే, నా సొంత ఖాతాను అటకెక్కించి, రోజంతా ఆ అడ్మిను ఖాతాతోనే వుండడం మొదలుపెట్టాను. మెయిళ్లు దాంట్లోనే చూసేవాణ్ణి. పరీక్షపత్రాలు దాంట్లోనే టైపు చేసేవాణ్ణి. మధ్యాహ్నం ఘంటసాల పాటలు కూడా దాంట్లోనే వినేవాణ్ణి.

నెల గడిచింది. కుర్రవాడు తిరిగి వచ్చాడు. యిచ్చినవారు తిరిగి పుచ్చుకోవడం మరిచిపోయారు, పుచ్చుకున్నవాడు తిరిగి యివ్వడం మరిచిపోయాడు. రెండు నెలలు పోయాక ఒకనాడు అతడు నా బల్ల దగ్గరికి వచ్చి తెర మీదికి తొంగిచూసి అదిరిపడ్డాడు.

"సార్, గీ ఖాతాతోని పొద్దంత గిట్లనే కూసుంటుండ్రా? మెయిళ్లు గూడ గిండ్లనే చూస్తుండ్రా?"

"ఏమయ్యా, తప్పా?"

"తప్పంటే... మంచిగ లేదు సార్. మీకేదన్న దొంగ మెయిలొచ్చి దాన్ని నొక్కిండ్రనుకోండ్రి. మీ సొంత ఖాతాల వుంటె మీ ఒక్కరి ఫైళ్లు పోతయ్. గీ ఖాతాల వుంటె కాలేజంత పోతది."

నేను నవ్వి, "అంత తెలివితక్కువవాణ్ణా నేను?" అన్నాను. పెద్దవాణ్ణి గనుక అతడూ నవ్వి వూరుకున్నాడు. అదే వచ్చింది చిక్కు. చిన్నవాడు మర్యాదకు వూరుకోవడం, పెద్దవాడు దాన్ని ఒప్పుకోలు అనుకోవడం.

మా అమ్మమ్మ మడి కట్టుకొని వంట చేసేది. మడిలో వుండగా పోస్టుమాను వచ్చి పిలిచినా గడప దాటేది కాదు, ఉత్తరం ముట్టేది కాదు. "అక్కడ పెట్టిపో నాయనా" అనేది. వంట ముగిశాక మడి విప్పి, మామూలు చీర కట్టుకొని, అప్పుడు ఉత్తరం చదివించుకునేది. ఆ ఆచారంలోని మంచిచెడ్డల జోలికి నేను పోవడం లేదు. కాని అడ్మిను ఖాతా సంగతికి అంతకన్న సరిపోయే పోలిక నాకు దొరకలేదు. వంటకు మాత్రమే ఆ బట్ట. అది కట్టుకొని ఉత్తరాలు ముట్టకూడదు. ఎందుకంటే మనం ఏ ఖాతాలో వుండి ఏది తెరిస్తే, ఆ తెరిచినదానికి మన ఖాతాకున్న అధికారమంతా సంక్రమిస్తుంది. దొంగ ఫైలు ఎవరి చేతిలో పేలితే వారి బలమే దాని బలం.

ఇది నా ఊహ కాదు. మన జంటనగరాల్లోనే జరిగింది. 2022 జనవరిలో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి రమారమి 12 కోట్ల 48 లక్షల రూపాయలు మాయమైనాయి. గోడకు కన్నం వెయ్యలేదు, కత్తి చూపలేదు. ఆ మార్చిలో హైదరాబాదు పోలీసులు విలేఖరులకు చెప్పిన వివరం యిది. అంతకు ముందు నవంబరులో, అంటే 2021లో, బ్యాంకు ఉద్యోగులకు రెండువందలకు పైగా దొంగ మెయిళ్లు వచ్చాయి. వాటిని ఇద్దరు తెరిచారు. ఆ తెరవడంతో దూరాన వున్నవాడు ఆ కంప్యూటర్లలోకి దిగి, మీటలు నొక్కినప్పుడల్లా ఏం నొక్కారో వ్రాసుకుంటూ కూర్చున్నాడు. ఒకరోజు కాదు, రెండురోజులు కాదు, వారాల తరబడి. చివరికి సూపర్ యూజరు అనే సర్వాధికారపు పాస్‌వర్డు అతనికి చిక్కింది. తరువాత డబ్బును ముందు కొద్ది ఖాతాల్లోకి, అక్కడి నుంచి దేశమంతటా వందల ఖాతాల్లోకి చిలవలు పలవలుగా మళ్లించి తీసుకుపోయారు.

ఇందులో నన్ను ఆపేసిన ముక్క దొంగ తెలివి గురించి కాదు. ఇద్దరు ముగ్గురు వుండవలసిన చోట పదిమంది సూపర్ యూజర్లు వుండడం, వారిలో కొందరికి ఒకటే పాస్‌వర్డు వుండడం. పదిమందికీ ఆ అధికారం నిత్యం వుండాలా? ఒక్కొక్కరికి ఒక్కొక్కప్పుడు అవసరమై వుంటుంది, యిచ్చి వుంటారు, తీసుకోవడం మరిచి వుంటారు. ఈ చివరి మాట నా అనుమానం మాత్రమే, పోలీసులన్నది కాదు. నా సొంత చీటీ కథ తెలిసినవాణ్ణి గనుక అలా తోచింది. సైబరు భద్రత నియమాలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా విధించింది.

సరే, నా కథకు వస్తాను. మే నెల, శుక్రవారం సాయంత్రం. చదువు ముగించుకొని వెళ్లిపోయిన బి.ఏ. బ్యాచి ఖాతాలు తీసెయ్యాలి. కుర్రవాడు చేసేవాడే, కాని "నేనున్నానుగా" అన్నాను. జాబితాలో బ్యాచీల పేర్లన్నీ ఒకేలా వుంటాయి, చివరి అంకె ఒక్కటే తేడా. నేను వెళ్లిపోయినవాళ్లకు బదులు రెండో సంవత్సరం వాళ్లను పట్టుకున్నాను. యంత్రం ఒకసారి అడిగింది, నిజంగా తీసెయ్యమంటావా అని. బిచ్చగాణ్ణి తరిమినట్టు అవునవునని నొక్కి ఇంటికి వచ్చేశాను. 143 ఖాతాలు. ఖాతా పోయినవాళ్ల ఫోల్డర్లు ఆ రాత్రే తుడిచిపెట్టే ఏర్పాటు ఒకటి కుర్రవాడు ఎప్పుడో చేసి వుంచాడు. ఆ సంగతి నాకు తెలియదు.

సోమవారం పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. సిద్ధిపేట వైపు పల్లెటూరి పిల్ల. నా దగ్గరే ప్రాజెక్టు చేస్తున్నది. వాళ్ల నాయనమ్మ పాడే బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు ఫోనులో రికార్డు చేసి, ఒక్కొక్కటి వ్రాసుకొని, కాలేజీ నెట్‌వర్కులో తన ఫోల్డరులో దాచుకుంటున్నది. ఫోనులో చోటు చాలక, ఇందులో ఎక్కించినవాటిని అందులో తీసేస్తున్నది. అలా తీసెయ్యవచ్చునమ్మా, ఇక్కడ భద్రంగా వుంటాయి అని చెప్పింది నేనే.

"సార్, నా ఫోల్డరు కనిపిస్తలేదు" అన్నది.

కుర్రవాడు ఆ రోజు అన్నం తినలేదు. విండోస్ సర్వరులో తీసేసిన ఖాతాలను కొంతకాలం దాచివుంచే చెత్తబుట్ట ఒకటి వుంటుంది. మామూలుగా 180 రోజులు దాచుతుంది. కాని ఎవరో ఒకరు ముందుగా దాన్ని తెరిచిపెట్టి వుండాలి. పోయాక తెరిస్తే లాభం లేదు. మావాడు తెరిచిపెట్టాడు. అందువల్ల ఖాతాలు 143 తిరిగి వచ్చాయి. ఫోల్డర్లు మాత్రం వెనకటి ఆదివారం తీసిన నకలు నుంచి తేవలసివచ్చింది. ఆ ఆదివారానికీ శుక్రవారానికీ మధ్య పిల్లలు చేసుకున్నదంతా పోయింది. ఎక్కువమందికి పోయింది స్వల్పమే. ఆ అమ్మాయికి నాలుగు పాటలు పోయాయి.

సెలవుల్లో ఆమె మళ్లీ ఊరికి వెళ్లింది. ముసలమ్మ మూడు పాటలు మళ్లీ పాడింది. నాలుగోది ఎంత తలచుకున్నా రాలేదట. "యాది లేదు బిడ్డా" అన్నదట. ఆ అమ్మాయి నన్నొక్క మాట అనలేదు. పోనీలెండి సార్, అన్నది.

ఆ సాయంత్రమే నా చీటీ చింపి కుర్రవాడి చేతిలో పెట్టాను. అతడు నెమ్మదిగా, "చీటీ చింపితే పోదు సార్, పాస్‌వర్డు మార్చాలె" అన్నాడు. మార్చాడు. ఆ తరువాత అతడు నాకు నేర్పినదీ, నేను చదువుకున్నదీ కలిపి మన సోదరికి చెబుతున్నాను.

మెట్టుగూడలో మా ఇంటి ఎదుట ఒక పెద్దాయన వున్నారు. రైల్వేలో స్టేషను మాష్టరుగా చేసి రిటైరైనారు. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికిందరాబాదు దానికి కేంద్రమైననాటి నుంచీ ఈ ప్రాంతంలో రైలు కథలు చెప్పనివారు లేరు. ఆయన బాల్ టోకెను సంగతి చెప్పారు. ఒంటి లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే నడవాలి. రెండు స్టేషన్లలోనూ చెరొక యంత్రం, వాటినిండా ఉక్కు బంతులు. అవతలి స్టేషనువారు ఒప్పుకుంటేనే ఇవతల ఒక బంతి బయటికి వస్తుంది. దాన్ని సంచిలో వేసి, పెద్ద కడియం తగిలించి, డ్రైవరుకు అందిస్తారు. బంతి చేతిలో లేనిదే అతడు కదలకూడదు. ఆ బంతి అవతలి యంత్రంలో పడేదాకా ఏ యంత్రంలోంచీ రెండో బంతి రాదు. ఇప్పుడు చాలాచోట్ల ఆ పద్ధతి పోయి వేరే సిగ్నళ్లు వచ్చాయి.

"మాష్టారూ, డ్రైవరుకు ధైర్యముండడం వేరు, చేతిలో టోకెనుండడం వేరు" అన్నారాయన. "నేను ముప్ఫైయేళ్ల సర్వీసువాణ్ణి, నాకు టోకెనెందుకు అన్న డ్రైవరును నేను చూడలేదు."

కంప్యూటరువాళ్లు కూడా ఇటువంటి బంతినే కనిపెట్టారు. 1980 ప్రాంతంలో అమెరికాలో బఫెలో నగరపు విశ్వవిద్యాలయంలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ అనేవాళ్లు సుడో అనే చిన్న ప్రోగ్రాము వ్రాశారు. యూనిక్సు, లైనక్సు యంత్రాల మీద అది ఇప్పటికీ నడుస్తున్నది. దాని తమాషా ఏమంటే, సర్వాధికారి పాస్‌వర్డు మనకు చెప్పనే చెప్పరు. ఏదైనా పెద్ద పని చెయ్యవలసివస్తే మన సొంత పాస్‌వర్డే అడుగుతుంది. ఈ మనిషి ఈ పని చెయ్యవచ్చునా అని జాబితా చూసుకుంటుంది. చెయ్యవచ్చునంటే ఆ ఒక్క పనికీ అధికారమిచ్చి, ఎవరు ఏం చేశారో పుస్తకంలో వ్రాసుకుంటుంది. అసలు ప్రోగ్రాములో ఐదు నిమిషాలు, కొన్ని రకాల లైనక్సులో పదిహేను నిమిషాలు, మళ్లీ పాస్‌వర్డు అడక్కుండా వూరుకుంటుంది. తరువాత మళ్లీ మామూలే. చాలా యంత్రాల మీద మొదటిసారి వాడినప్పుడు ఒక చిన్న ఉపన్యాసం కూడా యిస్తుంది. ఇతరుల గుట్టు గౌరవించు, మీట నొక్కేముందు ఆలోచించు, అధికారంతో బాధ్యత వస్తుంది అని దాని సారాంశం. యంత్రం చేత నీతిబోధ చేయించిన ఆ మహానుభావులెవరో లెక్చరరు కావలసినవాళ్లు.

విండోస్ సర్వరులో 2016 నుంచి మరొక వెసులుబాటున్నది. ఒక మనిషిని అడ్మినుల గుంపులో చేర్చేటప్పుడే ఇన్ని గంటలు, ఇన్ని రోజులు అని గడువు పెట్టవచ్చు. గడువు తీరగానే యంత్రమే పేరు కొట్టేస్తుంది. ఎవరి మతిమరుపుతోనూ నిమిత్తం లేదు. దానికి ముందుగా చేసుకోవలసిన ఏర్పాటు వున్నది. అది లేనిచోట్ల చేత్తోనే పేరు తీస్తారు. అలా తీసేసినా ఒక కిటుకున్నది. లాగిన్ అయి కూర్చున్నవాడి దగ్గర నెట్‌వర్కు యిచ్చిన టికెట్టు ఒకటి వుంటుంది, మామూలుగా పదిగంటలు చెల్లుతుంది. పేరు పోయినా అంతదాకా అతని పెత్తనం సాగవచ్చు. ప్లాట్‌ఫారం టికెట్టు రెండు గంటలేగదా అని మనం అనుకుంటాం. లోపలికి వచ్చినవాడు మూడో గంటలో కూడా బెంచీ మీద కూర్చునే వుంటాడు! కనుక పని కాగానే లాగవుటు చెయ్యాలి. కిటికీ మూసెయ్యడం లాగవుటు కాదు.

కాలం ఒకటే తక్కువైతే చాలదు, విస్తారం కూడా తక్కువ కావాలి. 1975లోనే సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు అమెరికా పండితులు వ్రాశారు, ఏ మనిషికైనా, ఏ ప్రోగ్రాముకైనా ఆ పనికి కావలసిన అతి తక్కువ హక్కులే వుండాలని. అమ్మా సోదరీ, మీకు కావలసినదేమిటి? పిల్లల ఖాతాలు తెరవాలి, పాస్‌వర్డులు మార్చాలి, కొన్ని మూయాలి. ఇందుకోసం స్కూలు మొత్తానికి అడ్మిను కానక్కరలేదు. పిల్లల ఖాతాలున్న విభాగం మీద మాత్రం, ఈ పనుల హక్కు మాత్రం, మీ పేరుతో వేరే ఒక ఖాతాకు యివ్వవచ్చు. ఆ అబ్బాయికి ఫోను చేసి అడగండి. పెళ్లివారింట్లో వున్నా అరగంట పని. చీటీలోని పాస్‌వర్డు వాడనే వద్దు. అందరికీ ఒకటే ఖాతా అయితే, రేపు ఏదైనా జరిగినప్పుడు చేసింది అతడా మీరా అని చెప్పేదెవరు? సర్వరు పుస్తకంలో ఖాతా తెరిస్తే 4720 అని, పాస్‌వర్డు మారిస్తే 4724 అని, ఖాతా తీసేస్తే 4726 అని నంబరు వేసి, చేసిన ఖాతా పేరుతో సహా వ్రాసుకునే ఏర్పాటున్నది. ఆ పేరు మీది కావాలి. అది మిమ్మల్ని పట్టివ్వడానికి కాదు, మీరు నిర్దోషి అయినప్పుడు సాక్ష్యం చెప్పడానికి. 2022 ఏప్రిలులో కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ యిచ్చిన ఉత్తర్వుల్లో ఇటువంటి పుస్తకాలను 180 రోజులు భద్రపరచాలన్న నియమం కూడా వున్నది.

ఇక హెడ్‌క్లర్కుగారి సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్న బరువైన ముక్క అదే.

పలనాటి కథ చెప్పేవారు నాయకురాలు నాగమ్మ గురించి ఒక ముచ్చట చెబుతారు. రాజు మెచ్చి, ఏడు గడియలపాటు మంత్రి పదవి యిస్తానని ఆమెకు మాట యిచ్చాడట. గడియకు 24 నిమిషాలు. ఏడు గడియలంటే లెక్కకు 168 నిమిషాలు, మూడు గంటలకు పన్నెండు నిమిషాలు తక్కువ. మాట కాలం వచ్చినప్పుడు ఆమె ఆ పదవి అడిగి పుచ్చుకున్నది. ఏడు గడియలు గడిచాయి, ఆమె దిగలేదు. ఆ కథ కారంపూడి రణరంగం దాకా నడిచింది. నాగమ్మ పక్షాన వాదించేవారూ వున్నారు. ఆమె దక్షతను నేనూ కాదనను. నా ప్రశ్న రాజుగారికి. గడియలు లెక్కపెట్టారు, బాగానే వున్నది. ఆ గడియల్లో ఏమేం చెయ్యవచ్చునో, ఏమేం చెయ్యకూడదో ఎందుకు చెప్పలేదు?

ఏడు గడియల మంత్రి తన చేత్తో మరో మంత్రిని చెయ్యగలిగితే, ఇక గడువుకు అర్థం లేదు. మీ హక్కు పదిహేనో రోజున పోతుంది. మీరు హెడ్‌క్లర్కుగారికి తగిలించిన హక్కు పదహారో రోజున, పదిహేడో రోజున, ఆయన రిటైరైన తరువాత కూడా అలాగే వుంటుంది. దాన్ని గుర్తుపెట్టుకొని తీసేవారెవరు? ఆయన మంచివారే కావచ్చు. ఆయన ఖాతా పాస్‌వర్డు మనుమరాలి పేరై వుంటే, దాన్ని కనిపెట్టినవాడు కూడా మంచివాడై వుండాలిగదా. తాత్కాలికంగా అధికారం పొందినవారు ఆ కాలంలో శాశ్వతమైన అధికారం ఎవరికీ యివ్వకూడదు, తమకూ యిచ్చుకోకూడదు. "నాకు యిచ్చిన కాగితంలో అది లేదండీ, మేడమ్‌గారు వ్రాసిస్తే చేస్తాను" అనండి. కాగితం మీద నెపం పెడితే పెద్దవారికి కోపం రాదు. అసలా కాగితమే లేదంటారా? అయితే ముందు అది వ్రాయించుకోండి. ఏ పనులు, ఏ తేదీ దాకా అని నాలుగు పంక్తులు చాలు.

ఫోనులో పాస్‌వర్డు మార్చమనేవారితో జాగ్రత్త. "నేను ఫలానా సారును, అర్జంటు" అన్నంత మాత్రాన మార్చవద్దు. 2023 సెప్టెంబరులో అమెరికాలోని ఎం.జి.ఎం. అనే పెద్ద హోటళ్ల కంపెనీ స్తంభించిపోయింది. ఉద్యోగినని చెప్పి హెల్ప్ డెస్కుకు ఫోను చేసి లోపలికి దూరారని వార్తలు వచ్చాయి. ఆ కంపెనీయే తనకు పదికోట్ల డాలర్ల దెబ్బ అని లెక్కవేసింది. మీకు తెలిసిన నంబరుకు మీరే తిరిగి ఫోను చెయ్యండి, లేదా మనిషిని రమ్మనండి. మీది హైస్కూలే గనుక స్టాఫు రూముకు నడిచివెళ్తే సరిపోతుంది.

ఖాతాలు తీసెయ్యవలసివచ్చినప్పుడు తీసెయ్యవద్దు. నిద్రపుచ్చండి. డిజేబుల్ అనే మీట అందుకే వున్నది. మనిషి లోపలికి రాలేడు, వస్తువులు చెక్కుచెదరవు. ఒక నెల చూసి, ఎవరూ అడగకపోతే, అప్పుడు ఆ అబ్బాయి వచ్చి తీసేస్తాడు. గుంపుగా చేసేటప్పుడు ముందు లెక్కపెట్టండి. టి.సి.లు తీసుకున్నవాళ్లు 38 మంది అయితే తెర మీద 38 కనబడాలి. 41 కనబడితే ఆ ముగ్గురు ఎవరు? పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకొని పేర్లు పైకి చదవండి. శుక్రవారం సాయంత్రం మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఈ సలహాకు శాస్త్రప్రమాణం లేదు, నా ప్రమాణమే.

మరొక మాట. మీ చేతిలో ఈ హక్కు వున్నదని తెలిస్తే, "ఆ పిల్లవాడి ఫోల్డరులో ఏముందో కాస్త చూడమ్మా" అనేవారు కూడా వస్తారు. నన్ను అడిగారు. ఒకసారి చూడబోయాను కూడా, అబద్ధమాడను. తెరవకముందే సిగ్గువేసి మూసేశాను. అన్ని గదుల చెవి వున్నవాడికి ఏ గదిలోకీ పోయే అవసరం లేదు.

రోజూ సాయంత్రం ఒక నోటుబుక్కులో ఆనాడు ఎవరి ఖాతా తెరిచారో, ఎవరిది మార్చారో, ఎవరు అడిగితే చేశారో వ్రాసి పెట్టండి. ఆ అబ్బాయి తిరిగి వచ్చినప్పుడు పుస్తకం అతని ముందు పెట్టండి. అతడు దాన్ని సర్వరు వ్రాసుకున్నదానితో పోల్చి చూస్తాడు. కొత్తగా ఎవరికైనా అడ్మిను హక్కు వచ్చి వున్నదా అన్నది ముందు చూడమనండి. చీటీలోని పాస్‌వర్డు కూడా అతడు ఆ రోజే మార్చెయ్యాలి. మీరు వాడకపోయినా మార్చాలి, కాగితం మీదికి ఎక్కిందిగదా.

పదిహేనో రోజు సాయంత్రం మీ హక్కు తీసెయ్యమని మీరే అడగండి. వారు గుర్తుచేసుకునేదాకా ఆగవద్దు. తీసేశామన్న తరువాత లాగవుటు చేసి, మళ్లీ లాగిన్ అయి, మీ సొంత ఖాతాతో ఒకసారి, ఆ వేరే ఖాతాతో ఒకసారి, ఎవరో ఒక పిల్లవాడి పాస్‌వర్డు మార్చబోయి చూడండి. మార్చనిస్తే మళ్లీ వెళ్లి చెప్పండి. నీకు ఆ హక్కు లేదు పొమ్మని యంత్రం మొహం మీద అంటే, సంచీ తీసుకొని యింటికి వెళ్లండి.